ఏడో నంబరు ఫ్రేము

ఎల్లేశం లెక్కలో గోడ ఎక్కే పటాలు మూడే రకాలు. దేవుళ్ళవి, పెళ్ళిళ్ళవి, పోయినవాళ్ళవి. మదీనాగూడ మెయిన్ రోడ్డు పక్కన, బిర్యానీ హోటలుకూ సెల్‌ఫోన్ల దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఉన్న అతని ఫ్రేముల షాపులోకి ముప్పై ఏళ్ళుగా ఏ బొమ్మ వచ్చినా ఈ మూడు గడుల్లో ఒకదానిలో కూర్చోవాల్సిందే. కూర్చోనంటే అతనే కూర్చోబెట్టేవాడు. ఒకసారి ఎవరో కుర్రాడు బండరాళ్ళ ఫోటో తెస్తే, రాయంటే దేవుడి కిందికే వస్తుందని తేల్చి, చుట్టూ బంగారు రంగు బీడింగు అంచు వేసి పంపాడు.

ఏ రకం పటానికి గోడ మీద ఎంత ఆయుష్షో కూడా అతనికి తెలుసు. దేవుడి పటానికి ఐదేళ్ళు. మొక్కు మారగానే దేవుడు మారతాడు, పాత పటం ఏ గుడి ప్రహరీ పక్కకో చేరుతుంది. పెళ్ళి ఫోటోకు అంత కూడా లేదు. మొదటి ఏడాది హాల్లో, రెండో ఏడాది పడకగదిలో, పిల్లల ఫోటోలు మొదలయ్యాక బీరువా మీద, అదీ గోడవైపు తిరిగి. పోయినవాళ్ళ ఫోటో ఒక్కటే అలా కాదు. గోడకు రంగులు వేసినా, ఇల్లు మారినా, అన్నదమ్ములు కొట్టుకుని విడిపోయినా, దాన్ని దించడానికి ఎవరికీ చెయ్యి రాదు.

అందుకే అతను తన దగ్గరున్న సరుకులో అన్నిటికన్నా గట్టిదాన్ని ఆ రకానికే కేటాయించాడు. మూడంగుళాల టేకు చెక్క, లోపలి అంచున సన్నటి బంగారు గీత, పైన దండకు రెండు ఇత్తడి కొక్కేలు, వాటి నడుమ చిన్న జీరో బల్బు, కింద పేరూ తేదీ చెక్కిన ఇత్తడి పలక. షాపులో దాని పేరు ఏడో నంబరు. ఏళ్ళ తరబడి ఏడో నంబరు, ఏడో నంబరు అని పిలిచీ పిలిచీ, అది చావుకు సంబంధించిన వస్తువన్న సంగతే అతను మరిచిపోయాడు. మిరపకాయల బస్తాల మధ్య పుట్టి పెరిగినవాడికి ఘాటు తెలుస్తుందా?

మహిళా దినోత్సవానికి వారం ముందు, ఆదివారం మధ్యాహ్నం, అతని ఒక్కగానొక్క కూతురు రోహిణి పాత చీరలో చుట్టిన బొమ్మ ఒకటి షాపుకు తెచ్చింది. రోహిణి హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం చేస్తోంది. అంటే, ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. ఆ గుణం తల్లి భూలక్ష్మి నుంచి వచ్చిందని ఎల్లేశానికి అనుమానం లేదు. బొమ్మలు వేసే గుణం మాత్రం ఎటునుంచి వచ్చిందో ఇప్పటికీ తేలలేదు.

భోజనం క్యారియరు తెచ్చిన భూలక్ష్మి అప్పటికి షాపులోనే ఉంది. రోహిణి చీర మడత విప్పగానే భార్యాభర్తలిద్దరూ వంగి చూశారు.

నడుము దాకా ఉన్న ఒక ఆడమనిషి. కళ్ళు సగం మూసుకుంది. నల్లటి జుట్టు వాగులా పారి బొమ్మ నాలుగు మూలలకూ పాకింది. ఆ జుట్టులో ఒక గూడు, గూట్లో తెల్లటి పక్షి. గుండె ఉండాల్సిన చోట చిన్న తలుపు, అది కొంచెం తెరుచుకుని ఉంది, లోపలి నుంచి పసుపు వెలుగు వస్తోంది. ఎడమ చేతిలో రెండుగా చీలిన దానిమ్మపండు.

“ఎవలే ఈమె? మన చుట్టాలా?” అంది భూలక్ష్మి.

“ఎవలు కాదమ్మా. నేను మనసుల అనుకొని వేసిన.”

“మరి కండ్లు మూసుకున్నదేంది?”

“లోపలికి చూస్తున్నది.”

“నెత్తిల గూడేంది? రెండు రోజులు దువ్వకుంటే నీది గూడ గట్లనే అయితది.”

“అమ్మా, జర ఇను. జుట్టంటే ఆడతనం. ఎవలు ఆపినా పెరుగుడు ఆపది. పక్షికి రెక్కలున్నయి, అయినా పోతలేదు. కట్టేస్తే కాదు, గూడు నచ్చి ఉన్నది. ఈ తలుపు చూడు, దీనికి బయట గొళ్ళెం లేదు. ప్రేమ తలుపు ఎవలన్న దబదబ కొడితే తెరుచుకోదు. లోపలున్నామె తియ్యాలె.”

“గొళ్ళెం లేకుంటే ఎట్ల బిడ్డా?” అన్నాడు ఎల్లేశం. “కాలం మంచిగ లేదు.”

“డాడీ!”

“సరే తియ్. దానిమ్మ పండేంది మరి?”

“పైకి ఒక్కటే పండు. లోపల ఎన్ని కోరికలు ఉన్నయో విప్పి చూస్తేగాని తెల్వదు.”

ఎల్లేశం వేలు పెట్టి గింజలు లెక్కపెట్టాడు. నలభై మూడు. కూతురికి నలభై మూడు కోరికలున్నాయా, లేక చేతికి వచ్చినన్ని చుక్కలు పెట్టిందా అని అడగబోయి, భార్య ముఖం చూసి ఆగాడు. భూలక్ష్మి చూపు పక్షి దగ్గరే ఇరుక్కుపోయింది.

“అది కాకా?”

“తెల్లగ కనిపిస్తలేదానే?” అంది రోహిణి.

“రంగుదేముంది. కాకి మనసులున్నది గనుకనే బొమ్మల పక్షొచ్చింది.”

దీని వెనక ఒక కథ ఉంది. అంతకు ముందు శుక్రవారం, హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్‌లో బండి కోసం నిలబడి ఉండగా రోహిణి నెత్తి మీద కాకి తన్నింది. కాకి తన్నడం ప్రాణగండం. దానికి విరుగుడు కూడా పెద్దలే చెప్పి పెట్టారు. తన్నించుకున్న మనిషి పోయిందని దగ్గరి చుట్టాలకు అబద్ధపు కబురు పంపాలి. వాళ్ళు నిజమనుకుని ఒక్కసారి గుండెలు బాదుకుని ఏడవాలి. ఆ ఏడుపుతో గండం తీరిపోతుంది. ఆ తర్వాత “ఉత్తదే, పిల్ల మంచిగున్నది” అని చెప్పి తిట్లు తింటే సరిపోతుంది. సిద్దిపేట దగ్గరున్న మేనత్త రాజమ్మకు ఫోన్ చేద్దామని భూలక్ష్మి అప్పటి నుంచీ పోరుతోంది. అత్తకు బీపీ ఉంది, అబద్ధం చెప్పి చంపుతారా అని రోహిణి ఒప్పుకోవడం లేదు. అందుకే భూలక్ష్మికి కంటి మీద కునుకు లేదు. పిల్ల రోడ్డు దాటుతుంటే, గీజర్ వేసుకుంటే, అన్నం తింటూ దగ్గితే కూడా ఆమెకు కాకే కనిపిస్తోంది.

“గండం సంగతి తర్వాత చూద్దాం. బొమ్మ సంగతి చెప్పు,” అన్నాడు ఎల్లేశం.

రోహిణి స్టూలు లాక్కుని కూర్చుంది. కంపెనీలో ఆడవాళ్ళు వేసిన బొమ్మలతో శుక్రవారం ప్రదర్శన ఉందట. మొత్తం పదకొండు బొమ్మలు. వాటిలో ఒకదాన్ని ఎంచి, కింద లాబీలో పెద్ద గోడకు శాశ్వతంగా పెడతారట. మిగతా పదీ సాయంత్రానికి ఇళ్ళకు వెళ్ళిపోతాయి.

“నాకు ఆ గోడ కావాలె డాడీ. రెండేండ్లయింది ఆడ పనిచేయవట్టి. వారానికి మూడు రోజులు ఇంటికాడ్నించే పని. మీటింగులల్ల ఎవలు కెమెరా పెట్టరు. మా మేనేజర్ గిరీష్ సార్ బెంగళూరు నించి వచ్చి మూడు నెలలాయె, నా మొఖం ఇప్పటిదాంక చూడలే. ఆయన స్క్రీను మీద నేను గుండ్రంల ఒక ‘ఆర్’ అక్షరం. గంతే. లిఫ్టుల పక్కన నిలబడ్డా గుర్తుపట్టడు. నా పేరు ఒక్కటన్న ఆ బిల్డింగుల ఉండాలె.”

ఆమె ఫోన్ తీసి ఒక ఫ్రేము ఫోటో చూపించింది. అగ్గిపుల్లంత సన్నటి నల్ల అంచు. “గిసుంటిది చెయ్. కింద నా పేరు, బొమ్మ పూర్తయిన తారీకు రాయి. శుక్రవారం పొద్దుగాల నాకు ఆఫీసులనే ఒక సర్టిఫికెట్ పరీక్షున్నది, ఫోన్ లోపలికి రానియ్యరు. పదింటి వరకు నువ్వే తెచ్చి ఇయ్యి. పరీక్ష అయినంక నేను కిందికొస్త.”

సరేనన్నాడు. కానీ బుధవారం దాకా ఆ సన్న ఫ్రేము అతని గొంతుకు అడ్డం పడ్డ చేపముల్లు అయింది. అగ్గిపుల్ల ఫ్రేము అంటే మూడు నెలల ముచ్చట. ఏసీ గాలికి వంకర పోతుంది, తుడిచేవాళ్ళ గుడ్డ తగిలితే మూల విడుస్తుంది. ఇంత చిన్నప్పుడు తన షాపు నేల మీద కూర్చుని, పారేసిన అట్టల వెనక బొమ్మలు గీసిన పిల్ల. ఇరవై ఐదేళ్ళలో నోరు తెరిచి తనను ఏమడిగింది? చెప్పులడిగింది, కాలేజీ బ్యాగడిగింది. ఇప్పుడు ఒక గోడ అడిగింది. గోడ తాను ఇవ్వలేడు. గోడ దిగని ఫ్రేము ఇవ్వగలడు.

అలా లెక్క కట్టుకుని, గురువారం మధ్యాహ్నం, తన చేతులతో, బొమ్మకు ఏడో నంబరు వేశాడు. కొక్కేలు సెట్టులో భాగం కాబట్టి బిగించాడు. బల్బు వెలుగు ముఖం మీద పడితే కళ ఇంకా పెరుగుతుందని సంబరపడ్డాడు. ఇత్తడి పలక మీద ‘కుమారి రోహిణి’ అని అందంగా చెక్కించి, కింద తేదీ వేయించాడు. బొమ్మను అట్టల్లో చుట్టి దారం కట్టాడు. భూలక్ష్మి ఆ రోజు షాపు వైపు రాలేదు. వచ్చి ఉంటే కథ అక్కడే అయిపోయేది.

శుక్రవారం ఆటోలో పటాన్ని ఒడిలో పెట్టుకుని, గుంత వచ్చిన ప్రతిసారీ డ్రైవర్ని తిడుతూ, హైటెక్ సిటీలో కంపెనీ గేటు దగ్గర దిగాడు. సెక్యూరిటీవాళ్ళు అతని చొక్కాకు ఒక స్టిక్కర్ అంటించి లోపలికి పంపారు. లాబీలో బంతిపూల తోరణాలు, గులాబీ రంగు బెలూన్లు, స్టాండ్ల మీద పది బొమ్మలు. పూలు సర్దుతున్న లచ్చమ్మ అనే పెద్దామె వచ్చి అతని చేతిలోని పటం అందుకుంది. హౌస్‌కీపింగ్ యూనిఫామ్ మీద పసుపు కుంకుమ బొట్టుతో, చూడగానే మన ఊరి మనిషే అనిపించేలా ఉంది.

ఆమె దారం విప్పింది. అట్ట తీసింది. చూసింది. చేతిలోని బంతిపూలు కింద పడ్డాయి.

“నీ బిడ్డనా అన్నా?”

“నా బిడ్డనే. ఒక్కతే బిడ్డ.”

లచ్చమ్మ కొంగు లేదు కాబట్టి యూనిఫామ్ చేతితో కళ్ళొత్తుకుంది. “కూసో అన్నా. నిలవడకు. కూసో,” అని భుజం పట్టుకుని మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టింది. నీళ్ళు తెచ్చి తన చేత్తో తాగించింది.

బొమ్మ చూసి కన్నీళ్ళు పెట్టుకునే మనిషిని ఎల్లేశం అంతవరకూ చూడలేదు. కళ అంటే ఇలా ఉండాలి అనుకున్నాడు. ఇంతలో హెచ్‌ఆర్ మేడం పరుగులాంటి నడకతో వచ్చి, పటాన్ని ఒకసారి, అతన్ని ఒకసారి చూసి, రెండు చేతులూ జోడించింది. అతన్ని గాజు గోడల గదిలోకి తీసుకెళ్ళి టీ ఇప్పించింది.

“అంతా… అయిపోయిందా అండి?” అంది మెల్లగా.

“నిన్న మధ్యాహ్నానికే అయిపోయింది మేడం. పరాయోళ్ళను ముట్టనియ్యలే, నా చేతులతోనే చేసిన. టేకు చెక్క పెట్టి, నాలుగు మూలలకు మొలలు కొట్టి, పైన అద్దం మూసిన. ఇగ వందేండ్లయినా చెదపట్టది.”

హెచ్‌ఆర్ మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఎల్లేశం టీ చప్పరిస్తూ లెక్క వేశాడు. కుర్చీ, నీళ్ళు, టీ, మేడం దండం. ఇంకా పోటీ మొదలు కాకముందే ఇంత మర్యాద అంటే, గోడ తమదే. కాసేపటికి బిస్కెట్లు కూడా వచ్చాయి. ఇక సందేహమే లేదు. గాజు గోడకు వీపు పెట్టి కూర్చున్నాడు కాబట్టి వెనక లాబీలో ఏం జరుగుతోందో అతనికి కనిపించలేదు. కనిపించి ఉంటే గిరీష్ అనే మేనేజరు చెమటలు కక్కుతూ రోహిణి నంబరుకు మూడుసార్లు ఫోన్ చెయ్యడం, మూడుసార్లూ స్విచ్ఛాఫ్ రావడం, “పాపం, లీవు కూడా పెట్టలేదండి” అని హెచ్‌ఆర్ మేడంతో అనడం చూసేవాడు.

పన్నెండున్నరకు ఎవరో వచ్చి “రండి అంకుల్, మొదలుపెడదాం” అన్నారు.

ఎల్లేశం చొక్కా సర్దుకుని, నవ్వు సిద్ధం చేసుకుని బయటికి వచ్చాడు. వచ్చి, అక్కడే ఆగిపోయాడు.

లాబీ నిండా జనం తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. బెలూన్లు లేవు. పదకొండో బొమ్మను తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద నిలబెట్టారు. రెండు కొక్కేల మధ్య నిండుగా బంతిపూల దండ. ముందు దీపం, అగరుబత్తులు. పైన జీరో బల్బు ఎర్రగా వెలుగుతోంది. కింద ఇత్తడి పలక మీద తన కూతురి పేరు.

ముప్పై ఏళ్ళలో కొన్ని వేల ఏడో నంబర్లు చేతుల మీదుగా పంపినవాడు. అది ఏమిటో ఆ క్షణంలో మొదటిసారి చూశాడు. దండ తీసేద్దామని ఒక అడుగు వేశాడు. అప్పుడే లిఫ్టు తెరుచుకుని, పరీక్ష రాసి వచ్చిన రోహిణి అతని పక్కన నిలబడింది.

“ఏంది డాడీ గిది? ఎవలు పోయిండ్రు?”

“నువ్వే బిడ్డా,” అన్నాడు ఎల్లేశం.

రోహిణి మునివేళ్ళ మీద లేచి చూసింది. బొమ్మ చూసింది, దండ చూసింది, ఫ్రేము చూసింది. “డాడీ… ఏడో నంబరు ఏసినవా?”

“తప్పయింది బిడ్డా. ఆగు, ఇప్పుడే చెప్త…”

అప్పటికే గిరీష్ మైకు పట్టుకున్నాడు.

“రోహిణి గారితో నాకు పెద్దగా పరిచయం లేదండి. నిజం చెప్పాలంటే ఆవిడ ముఖం ఇవాళే చూస్తున్నాను.” పటం వైపు చెయ్యి చూపాడు. “ఎంత ప్రశాంతంగా ఉన్నారో చూడండి.”

“నా ముక్కు గట్ల ఉంటదా?” అంది రోహిణి గుసగుసగా. కానీ తండ్రి ముందుకు కదలబోతే మణికట్టు పట్టుకుని ఆపింది. “ఆగు.”

“డిసెంబర్ రిలీజ్ మీకందరికీ గుర్తుండే ఉంటుంది,” గిరీష్ కళ్ళు ఒత్తుకున్నాడు. “మేమంతా ఓకే అన్నాం. ఆవిడొక్కతే ఒప్పుకోలేదు. ఒకే బిల్లుకు డబ్బు రెండుసార్లు కట్ అవుతోందని పట్టుకున్నారు. ఆవిడ ఆపకపోతే ఆ క్లయింటు ఇవాళ మనతో ఉండేవాడు కాదండి. ఆ సంగతి పైవాళ్ళకు రాసేటప్పుడు నేను… నా పేరు రాసుకున్నాను. ఆవిడ ఒక్క మాట అనలేదు.”

“అన్న. మూడు మెయిళ్ళు పెట్టిన,” అంది రోహిణి పళ్ళ బిగువున.

“బిడ్డా, అపశకునం. చెప్పేద్దాం…”

“ఆగు డాడీ. ఇంక జర చెప్పనీ. రెండేండ్లల్ల మొదటిసారి నా గురించి మాట్లాడుతున్నరు.”

పసుపు చీర కట్టుకున్న ఒకమ్మాయి మైకు అందుకుని వెక్కివెక్కి ఏడ్చింది. రోహిణి రోజూ తనతోనే భోజనం చేసేదనీ, తన డబ్బాలోని గోంగూర పచ్చడంటే ప్రాణమనీ చెప్పింది.

“ఎవలు ఆమె?” అన్నాడు ఎల్లేశం.

“నాకేమెరుక. నేను సీటుకాడనే తింట.”

వాళ్ళ ముందు వరుసలో కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన పక్కవాడికి బొమ్మ వివరిస్తున్నాడు. “ఆ పక్షి ఉంది చూశారూ, అది ప్రాణం. తలలోంచి వెళ్ళిపోతోంది. తలుపు స్వర్గద్వారం, అప్పుడే తెరిచారు.”

“మరి దానిమ్మపండు?”

ఆయన కాస్త ఆలోచించాడు. “హార్ట్ ప్రాబ్లం అయ్యుంటుందండి.”

ఇంతలో జనం పూలు వేయడానికి వరుస కట్టారు. లచ్చమ్మ పూలపళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి చేతిలో గుప్పెడు పెడుతోంది. ఆమె రోహిణి చేతిలోనూ గుప్పెడు పోసి, “పో బిడ్డా, నీ వయసు పిల్లనే పాపం” అని వీపు తట్టి ముందుకు తోసింది. తన బొమ్మను దగ్గరి నుంచి చూడాలనిపించిందో, ఇంకా ఎవరేమంటారో వినాలనిపించిందో, రోహిణి నడిచింది. బల్ల దగ్గరికి చేరింది. చెయ్యెత్తింది.

ఎల్లేశం అప్పుడు కేక పెట్టాడు.

“బిడ్డా! నీ పటానికి నువ్వే పువ్వులు ఎయ్యకు! మంచిది గాదు!”

రెండొందల తలలు తిరిగాయి.

“మీరు… ఎవరండి?” అన్నాడు గిరీష్.

“రోహిణి సార్. మీ ‘ఆర్’,” అని ఆమె మెళ్ళోని ఐడీ కార్డు చూపించింది. గిరీష్ కార్డు చూశాడు, పలక చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. ముఖంలో రక్తం పోయింది, మళ్ళీ వచ్చింది, కావలసినదానికంటే ఎక్కువే వచ్చింది.

“నేను చచ్చిపోలే సార్. ఫోర్త్ ఫ్లోర్‌ల పరీక్ష రాసిన. ఆ డిసెంబర్ సంగతి మైకుల చెప్పిండ్రు గదా, అదే ముక్క మెయిల్‌ల పెడితే ఇంక మంచిగుంటది.”

వెనక నుంచి ఎవరో ఫక్కున నవ్వారు. ఆ తర్వాత లాబీ మొత్తం పగలబడి నవ్వింది. లచ్చమ్మ పళ్ళెం పడేసి, రోహిణి చెంపలు తడిమి, మెటికలు విరిచి, “పాడు నోరు నాది, పాడు చేతులు నావి, దండ ఏసింది నేనే” అని తనను తానే తిట్టుకుంది. పసుపు చీర అమ్మాయి రోహిణిని కౌగిలించుకుని “నిన్ను ఎంత మిస్ అయ్యానో తెలుసా?” అంది. ఆ పిల్ల గట్టిది. ఏ వ్యాపారం పెట్టినా బతుకుతుంది.

నవ్వనివాడు ఎల్లేశం ఒక్కడే. అతను గబగబా వెళ్ళి దండ తెంపాడు, దీపం ఆర్పాడు, పటాన్ని రెండు చేతులతో పట్టుకుని బల్ల మీద నుంచి ఎత్తబోయాడు.

“దించకు డాడీ. ఇంక జడ్జిలు చూడనే లేదు.”

“ఏ జడ్జీ వద్దు, ఏ గోడ వద్దు. బతికున్న బిడ్డకు దండ పడ్డది. కొక్కేలు పెట్టి మరీ నేనే ఇచ్చిన.” పటాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. “ఇంటికి తీస్కపోయి పొయ్యిల పెడత.”

“ఎందుకేసినవ్ మరి? నేను సన్నది అడిగిన గదా.”

“సన్నది ఆగదు బిడ్డా,” అన్నాడు ఎల్లేశం. “దేవుని పటం దిగుతది, పెండ్లి పటం దిగుతది. గిదొక్కటే దిగది. నీకు ఆ గోడ కావాలె అంటివి. మల్లెవ్వడు నీ బొమ్మను దించొద్దని ఏసిన. అది దేనికి వాడ్తరో నా దిమాకుల లేకపాయె.”

రోహిణి బొమ్మలోని చిన్న తలుపు వైపు చూసింది. పైన బల్బు వెలుగు పడి అది ఇంకొంచెం తెరుచుకున్నట్టుంది. ఆమె తండ్రి చేతుల మీద తన చేతులు పెట్టి పటాన్ని మెల్లగా మళ్ళీ బల్ల మీదికి దించింది. “అమ్మకు ఫోన్ చెయ్. అమ్మ తీస్కరమ్మంటే తీస్కపోదాం.”

అదే ఎల్లేశానికి భయం. గండం గండం అని వారం నుంచి నిద్రపోని మనిషికి, పిల్లకు దండ వేశారని ఎలా చెప్పాలి? స్పీకర్ పెట్టి, కళ్ళు మూసుకుని, జరిగిందంతా ఒక్క బిగిన చెప్పేశాడు. చెప్పి, ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నాడు.



“ఎంతమంది ఏడ్చిండ్రు?” అంది భూలక్ష్మి.

“ఆఁ?”

“ఏడ్చినోళ్ళు ఎంతమంది అని అడుగుతున్న. నిజంగనే పోయిందనుకొనే ఏడ్చిండ్రా, ఉత్తగ ఏడ్చిండ్రా?”

ఎల్లేశం చుట్టూ చూశాడు. “నిజమనుకొనే. లచ్చమ్మ అని ఒకామె మస్తు ఏడ్చింది. మేనేజర్ ఏడ్చిండు. పసుపు చీర పిల్ల అయితే ఇంక ఎక్కిళ్ళు పెడుతున్నది. ముప్పై మందన్న ఉంటరు.”

“ముప్పై మందా?” భూలక్ష్మి గొంతులో వారం రోజుల బరువు దిగిపోయింది. “ఒక్కరు ఏడిస్తేనే కాకి దోషం పోతదంటరు. ముప్పై మంది ఏడిస్తే నా బిడ్డకు ఎన్నేండ్ల ఆయుష్షు పెరిగిందయ్యా! రాజమ్మకు బీపీ గూడ పెరుగకపాయె. దండ ఒక్కటి తీసెయ్. కొక్కేలు పీకెయ్. బొమ్మ ఆడనే ఉండనియ్.”

ఆ మాటలు లాబీ అంతా విన్నది. కాకి ఏమిటో సగం మందికి అర్థం కాలేదు. లచ్చమ్మ పక్కవాళ్ళకు చెప్పింది, వాళ్ళు ఇంగ్లీషులో ఇంకొకరికి చెప్పారు. ఏడ్చినవాళ్ళకు తమ ఏడుపు వృథా పోలేదని తెలిసి కొంచెం గర్వం కూడా వచ్చింది.

జడ్జీలు ఎక్కువ సేపు కూర్చోలేదు. మిగతా పది బొమ్మల్లో ఏమున్నాయో ఎవరికీ గుర్తు లేదు. ఈ పదకొండోదాన్ని మాత్రం ఉదయం నుంచి రెండొందల మంది కళ్ళు చిట్లించి చూశారు, పక్షి ఏమిటి, తలుపు ఏమిటి, పండు ఏమిటి అని వాదించుకున్నారు. అయినా కళ్ళజోడాయన ఆఖరు నిమిషంలో రోహిణి దగ్గరికి వచ్చి, “ఇంతకీ దానిమ్మపండు అంటే ఏంటండి?” అని అడిగాడు.

“కోరికలు సార్. నలభై మూడు,” అంది రోహిణి. “ఇయ్యాల్టికి ఒకటి తీరింది.”

సాయంత్రం ఎల్లేశం స్టూలెక్కి, షాపుకెళ్ళి తెచ్చుకున్న సామానుతోనే పటాన్ని పెద్ద గోడకు బిగించాడు. కొక్కేలు రెండూ పీకి జేబులో వేసుకున్నాడు. రంధ్రాల్లో మైనం నింపి, టేకు రంగు పూశాడు. పలకను విప్పి, ‘చిత్రించినది’ అని పైన ఒక ముక్క చెక్కించి తెస్తానన్నాడు. బల్బు తీయబోతే మాత్రం రోహిణి వద్దంది. ఆ వెలుగు తలుపు మీద సరిగ్గా పడుతోందట.

సోమవారం నుంచి లిఫ్టులో రోహిణికి జనం దారి ఇస్తున్నారు. గిరీష్ తన మీటింగుల్లో కెమెరాలు పెట్టాలని రూలు పెట్టాడు. ఆ డిసెంబర్ మెయిలు కూడా పైకి వెళ్ళింది.

అన్నీ సర్దుకున్నాయి అనుకున్న రోజున సిద్దిపేట నుంచి రాజమ్మ దిగింది. కబురు ఆమెకు ఎవరు చేరవేశారో గానీ, గుమ్మంలోనే సంచి విసిరేసి తమ్ముడి మీద విరుచుకుపడింది.

“నా మేనకోడలి కోసం ఏడ్వనీకి కంపెనోళ్ళు ఎవలురా? నేను బతికి లేనా? బీపీ గోలీ ఏసుకొని ఏడ్తుంటి గదా! నా హక్కు పరాయోళ్ళకు పంచిపెట్టినవ్!”

ఎంత చెప్పినా వినలేదు. చివరికి మర్నాడు రోహిణే వెంటబెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్ళింది. రాజమ్మ లాబీలో పటం ముందు చాప లేకుండానే కూలబడి, మేనకోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పిల్ల భుజం పట్టుకుని ఊపుతూ, పుట్టిన నాటి నుంచీ మొదలుపెట్టి రాగం తీసి అరగంట ఏడ్చింది. లచ్చమ్మ మెత్తటి కుర్చీ తెచ్చింది, నీళ్ళు తెచ్చింది. పసుపు చీర అమ్మాయి కూడా వచ్చి కలిసింది.

ఏడుపు అయ్యాక రాజమ్మ ముక్కు తుడుచుకుని, తలెత్తి మొదటిసారి బొమ్మను పూర్తిగా చూసింది.

“మంచిగనే వేసినవ్ గని,” అంది, “ఆ తలుపుకు గొళ్ళెం మరిచినవే పిల్లా.”